ఒంటిగంట దాకా అమ్మ లేదు

మొన్న సోమవారం నరసరావుపేట బజార్లో, కన్నకూతురి చేత ఒక్కసారి "అమ్మా" అనిపించుకోవడానికి నేను పడిన పాట్లు వినండి. చుట్టూ జనం. ఆ పిల్ల నా కూతురేనని ఆ అరగంటలో నమ్మినదాన్ని బజారు మొత్తం మీద నేనొక్కదాన్నే. ముందు టీ తాగండి, చల్లారిపోతుంది. నవ్వొస్తే మాత్రం గ్లాసు కిందపెట్టి నవ్వండి, పోయినసారి పడ్డ మరక సోఫా కవరు మీద ఇంకా అట్లాగే ఉంది.

కొత్తవాళ్ళున్నారు కాబట్టి మొదటి నుంచి చెబుతా. మా హాసినికి ఎనిమిదేళ్ళు. రెండో తరగతి సగంలో బడి మానిపించి ఇంట్లోనే చదువు చెబుతున్నా. సరదాకి కాదు. పొద్దున్నే స్కూలు వ్యాను హారను వినపడితే చాలు, దానికి కడుపునొప్పి. డాక్టరుకి చూపిస్తే ఏమీ లేదన్నాడు. ఆదివారం పూట మాత్రం ఆ నొప్పికి సెలవు. ఆర్నెల్లు చూశాం. ఒకరోజు వ్యాను మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు చూడలేక దించేశాను. ఇంక ఎక్కించలేదు.

నేను ఎమ్మెస్సీ, బీఎడ్. ఆరేళ్ళు ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పా. నలభై మందిని అదుపులో పెట్టినదాన్ని, ఒక్కదాన్ని పెట్టలేనా అనుకున్నా. పెట్టలేం. ఆ నలభై మందిలో ఒక్కరు కూడా టీచరు ఒళ్ళో తలపెట్టుకుని పడుకుని లెక్కలు చెయ్యరు.

బాగుండదని కాదు, చాలా బాగుంటుంది. మొన్నామధ్య మిరపకాయ బజ్జీల పొట్లం విప్పి, ఆ కాగితంలో వార్త సగం దాకా చదివి, మిగతా సగం ఏమైందో తెలియాలని ఇంకో పొట్లం కొనిపించింది. అట్లాంటప్పుడు నాకు ఏనుగెక్కినట్టు ఉంటుంది. కానీ పెళ్ళికి పోతామా, "పాప ఏ స్కూలు?" అని అడుగుతారు. "ఇంట్లోనే" అంటే, "అయ్యో, ఒంట్లో బాగుండదా?" అంటారు. ఆ మాటకి ఇంటికొచ్చాక రెండు రోజులు దానికీ నాకూ క్లాసులు గట్టిగా నడుస్తాయి.

అసలు గొడవంతా "అమ్మా" అనే మాటతో. లెక్క మొదలుపెట్టగానే, "అమ్మా, దాహం." రెండో స్టెప్పుకి, "అమ్మా, బాత్రూం." మూడో స్టెప్పుకి, "అమ్మా, నీ చెవికమ్మలు కొత్తవా?" ఒకరోజు లెక్కపెట్టా. గంటలో నలభై ఏడుసార్లు. నాలోని టీచరు లేచింది. రూలు పెట్టేశా. పది నుంచి ఒంటిగంట దాకా క్లాసు. ఆ మూడు గంటలు నేను అమ్మని కాదు, మేడమ్‌ని. ఒంటిగంటకి నా ఫోన్లో అలారం మోగితే అప్పుడు అమ్మ. రోజంతా రూలు తప్పకపోతే ఒక స్టారు. తప్పితే పాత స్టారొకటి కట్. యాభై స్టార్లయితే నాగార్జునసాగర్ తీసుకుపోయి లాంచీ ఎక్కిస్తా.

మూడో రోజుకల్లా దారిలోకి వచ్చింది. నాకు గర్వంతో కాళ్ళు నేలమీద నిలవలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. మా ఆయనకి బజార్లో దుకాణం ఉంది. తాళ్ళు, గోనెసంచులు, మిరపకాయలు ఆరబోసుకునే టార్పాలిన్ పట్టలు అమ్ముతారు. లెక్కలు పుస్తకంలో కంటే అక్కడ బాగా వస్తాయని, సోమవారం, గురువారం క్లాసు దుకాణానికి మార్చా. తాడు మూరలు కొలవడం, పట్ట పొడవు వెడల్పు చూడటం, సంచులు పదేసి కట్టలు కట్టడం. అన్నీ ప్రాక్టికల్సే. ఒకటే చిక్కు. నేను మేడమ్‌ని అయినా అక్కడ నాన్న ఉన్నాడు. "నాన్నా, చాక్లెట్" అంటే చాలు, ఆయన కరిగిపోతాడు. అందుకని రూలుని కాస్త పెంచా. క్లాసు టైములో ఆయన నాన్న కాదు, షావుకారు గారు.

"నన్నెందుకే ఇందులోకి లాగుతావు?" అన్నాడు ఆయన.

"డిసిప్లిన్" అన్నా నేను.

మొన్న సోమవారానికి దాని దగ్గర నలభై తొమ్మిది స్టార్లున్నాయి.

పన్నెండు దాటింది. మా ఆయన సంచులు దించడానికి అటకెక్కాడు. ఎడ్లపాడు నుంచి ఒక పెద్దాయన పట్టలకి వస్తే, హాసిని సుద్దముక్క పట్టుకుని నేలమీద ఆయన మిరపకాయలు ఆరబోసే కళ్ళం కొలతలు గీస్తోంది. నేను పక్క దుకాణానికి పోయా. అది ఖాజా బాబాయ్‌ది, మిక్సీలు, గ్రైండర్లు బాగుచేస్తాడు. మా మిక్సీ జారు ఇచ్చి నాలుగు రోజులైంది. అది తీసుకుని తిరిగొచ్చేసరికి దుకాణం ముందు ఒకావిడ నిలబడి ఉంది. కాటన్ చీర, భుజాన సంచి, చేతిలో రిజిస్టరు, ఎండకి కమిలిన మొహం. బడికి పోని పిల్లల పేర్లు రాసుకోవడానికి వీధివీధీ తిరుగుతున్న గవర్నమెంటు స్కూలు టీచరమ్మ అని తర్వాత తెలిసింది. అప్పటికే మా హాసినితో మాట్లాడుతోంది. మాటలు చెవిన పడి నేను అక్కడే ఆగిపోయా.

"ఎన్నింటికి వస్తావమ్మా పనికి?"

"పదింటికండి."

"లోపల అటక మీద ఉన్నాయన నీకేమవుతాడు?"

"షావుకారు గారండి."

"మీ అమ్మ ఎక్కడుంది?"

అది గోడ గడియారం చూసింది. "ఒంటిగంట దాకా అమ్మ లేదండి. మేడమ్ ఉన్నారు."

టీచరమ్మ కలం ఆగింది. "జీతం ఏమన్నా ఇస్తారా?"

"రోజుకొక స్టారు ఇస్తారండి. తప్పు చేస్తే అందులో కోస్తారు."

"అన్నం?"

"ఒంటిగంట తర్వాతేనండి."

"మరి బడికి ఎందుకు పోవట్లేదమ్మా?"

"మేడమ్ మానిపించారండి."

ఒక్కటంటే ఒక్క అబద్ధం లేదు. దానికి నిజం చెప్పడం నేర్పింది కూడా నేనే.

పరిగెత్తుకెళ్ళి, "నేను వాళ్ళమ్మనండీ" అన్నా.

టీచరమ్మ నన్నూ, చేతిలో మిక్సీ జారునీ చూసి, పిల్ల వైపు తిరిగింది. "ఈవిడ ఎవరమ్మా?"

హాసిని చేతులు వెనక్కి కట్టుకుని నిటారుగా నిలబడింది. "మా మేడమ్ అండి."

"ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్నాం. ఇది క్లాసండీ. క్లాసులో అమ్మా అనకూడదని రూలు పెట్టా" అని గబగబా చెప్పా. చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

"పాతికేళ్ళ నుంచి చూస్తన్నానమ్మా" అంది టీచరమ్మ, చాలా నెమ్మదిగా. "హోటల్లో ప్లేట్లు కడిగే పిల్లని అడిగితే ఓనరు అక్క కూతురంటారు. ఇటుకబట్టీలో అడిగితే చెల్లెలి కూతురంటారు. ఏకంగా నేనే అమ్మనని చెప్పినదానివి మాత్రం నువ్వొక్కదానివే. దుకాణంలో పనిచేస్తన్న పిల్లని రాసి ఆఫీసుకి పంపిస్తా. తర్వాత మీరూ వాళ్ళూ చూసుకోండి."

మామగారి కాలం నుంచీ ఉన్న దుకాణం, దాని పేరు పోతుందని ఒక భయం. దానికంటే పెద్ద భయం ఇంకోటి. ఆఫీసు వాళ్ళొచ్చి, ఇంటిచదువులు కుదరవు, రేపటి నుంచి బడికి పంపించండి అంటే, ఇంట్లో పెద్దవాళ్ళు కూడా అదే మాటంటారు. పిల్ల మళ్ళీ ఆ వ్యాను మెట్టు మీద నిలబడుతుంది. నేను పెట్టిన తిక్క రూలుకి శిక్ష దానికి పడుతుంది.

ఈలోగా మా ఆయన అటక దిగాడు. ఒళ్ళంతా సంచుల దుమ్ము. విషయం విని, "ఆధార్ కార్డు ఇంట్లో ఉందండీ, ఐదు నిమిషాల్లో తెస్తా" అని బండెక్కి వెళ్ళిపోయాడు.

ఎడ్లపాడు పెద్దాయన తల ఊపాడు. "ఆఫీసరమ్మని చూసి షావుకారు పారిపోయాడే."

జనం పోగయ్యారు. నాకు ఖాజా బాబాయ్ గుర్తొచ్చాడు. హాసిని పుట్టినప్పుడు వీధంతా మిఠాయి పంచింది ఆయనే. "బాబాయ్, నువ్వన్నా చెప్పు" అని కేకేశా. ఆయన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, నన్ను గట్టెక్కించాలనే మంచి మనసుతో మొదలుపెట్టాడు.

"బంగారంలాంటి పిల్ల మేడమ్. టైముకి వస్తది. సంచులు అది కట్టినట్టు ఇంకెవ్వరూ కట్టలేరు. ఇంతకుముందు ఇక్కడ పనిచేసినోడి కంటే చానా నయం."

టీచరమ్మ అదంతా రాసుకుంది.

"బాబాయ్, అది నా కూతురని చెప్పవయ్యా."

"అది తెలిసిందే గదమ్మా, వేరే చెప్పాల్నా? నువ్వు కన్నకూతురి కంటే ఎక్కువగా చూసుకుంటావు" అన్నాడు. ఆయన ఉద్దేశంలో అది పొగడ్త.

ఇంక ఫోనే దిక్కనుకున్నా. ఫొటోలున్నాయి చూడండంటూ టీచరమ్మ చేతికిచ్చా. నాలాంటి తల్లులకి ఒక వాట్సాప్ గ్రూపుంది. పిల్లల చేత ఏమేం చేయించామో అందులో రోజూ పెట్టుకుంటాం. మొదటి ఫొటోలో హాసిని సంచులు మడత పెడుతోంది. రెండోదాంట్లో తాడు చుడుతోంది. మూడోదాంట్లో దుకాణం ఊడుస్తోంది, అది పరిశుభ్రత పాఠం. నాలుగోదాంట్లో ఏడుస్తూ సంచులు లెక్కపెడుతోంది. దాని కింద నా చేత్తోనే రాశా, 'ఏడ్చినా వదల్లేదు, వంద పూర్తి చేయించా' అని. కింద పదహారు మంది చప్పట్లు కొట్టారు.

టీచరమ్మ తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు మీకెవ్వరికీ వద్దు.

"ఇంకా వెనక్కి పోండి, కుటుంబం ఫొటో ఉంది" అన్నా. ఉంది కూడా. కోటప్పకొండ మీద ముగ్గురం నవ్వుతూ దిగాం. కాకపోతే అది మొక్కు తీర్చిన రోజు. ఫొటోలో పిల్లకి గుండు. గుండుకి చందనం. ఎదురుగా ఉన్న పిల్లకి రెండు జడలు. టీచరమ్మ అటూ ఇటూ మూడుసార్లు చూసి, "ఈ బాబు ఎవరు?" అంది.

ఇంక నా వల్ల కాలేదు. హాసిని ముందు మోకాళ్ళ మీద కూచున్నా. "హాసీ, ఒక్కసారి అమ్మా అనరా. ఇవాళ్టికి రూలు లేదు. స్టారు కొయ్యను. ఒట్టు."

అది నన్ను చూసి మెల్లగా నవ్వింది. దొంగని పట్టుకున్న నవ్వు.

"మళ్ళీ టెస్ట్ పెడుతున్నారు గదా మేడమ్?"

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది. అంతకుముందు గురువారం దాని వేలు సంచుల కట్టలో నలిగింది. కళ్ళనిండా నీళ్ళతో కూడా "మేడమ్, నొప్పి" అంది గానీ రూలు తప్పలేదు. నాకు దాని నిగ్రహం ఎంతుందో చూద్దామనిపించింది. "పర్లేదులే, ఇవాళ్టికి అమ్మా అను" అన్నా. పాపం, "అమ్మా" అని మీద పడింది. ఒక స్టారు కోసేశా. రూలంటే రూలు, ఎవరేం చెప్పినా తప్పకూడదు అని నీతి కూడా చెప్పా. ఆ రోజు గ్రూపులో అది కూడా పెట్టా. దానికి ఇరవై రెండు చప్పట్లు.

ఇప్పుడు బజారంతా చూస్తుండగా నా కాళ్ళకి అదే తగులుకుంది. ఎంత బతిమాలితే అంత గట్టిగా బిగుసుకుంటోంది. దానికి కనపడుతున్నది ఆఫీసు కాదు, కేసు కాదు, యాభయ్యో స్టారు, దాని వెనక సాగర్ లాంచీ. నేను ఏడుపు మొహం పెడితే, "బాగా చేస్తున్నారు మేడమ్" అని మెచ్చుకుంది కూడా.

టీచరమ్మ గడియారం చూసింది. పన్నెండూ నలభై. "ఒంటిగంటకి ఏమవుద్దన్నావు పాపా?"

"అలారం మోగుద్దండి. అప్పుడు అమ్మ వస్తది."

ఆవిడ సంచుల కట్ట మీద కూచుంది. నా ఫోను ఒళ్ళో పెట్టుకుంది. "సరే, వచ్చిందాకా చూస్తా. ఎవరొస్తారో నాకూ చూడాలనే ఉంది."

ఆ ఇరవై నిమిషాలు నేను మనిషిని కాదు. ఒంటిగంటకి కూడా ఇది మళ్ళీ టెస్టేమో అనుకుంటే? దీక్షగా సాయంత్రం దాకా మేడమ్ అంటూ కూచుంటే? హాసినికి మాత్రం ఏ చింతా లేదు. సుద్దముక్క తీసుకుని ఎడ్లపాడు పెద్దాయన పని మళ్ళీ మొదలుపెట్టింది.

"మీ కళ్ళం ముప్ఫై అడుగులకి ఇరవై నాలుగు గదా తాతా? ఈ పట్ట పదిహేనుకి పన్నెండు. మూడు చాలవు. నాలుగు తీసుకోండి, సరిగ్గా పరుచుకుంటాయి, ఒక్క అంగుళం కూడా మిగలదు."

"మూడు చాలని మావాడు చెప్పాడే" అన్నాడాయన.

"ఒక మూల మిరపకాయలు మట్టిలో పడతాయి తాతా. చూడండి" అని నేలమీద గీసిన నాలుగు గళ్ళు చూపించింది. పెద్దాయన వంగి, గళ్ళు వేలితో లెక్కపెట్టి, ఒప్పుకున్నాడు. టీచరమ్మ కూడా వంగింది. రిజిస్టరు మూసి, సంచిలోంచి ఏదో పుస్తకం తీసి చదవమంది. చదివింది. ఇంకో లెక్క ఇచ్చింది. చేసింది. మూడోది తప్పు చేసి, తనే చెరిపి దిద్దుకుంది. అంత భయంలోనూ నా కడుపు నిండింది. నా పిల్లకి చదువొస్తోంది. నలుగురిలో చూస్తేగానీ నాకే తెలియలేదు.

అలారం టీచరమ్మ ఒళ్ళో మోగింది.

హాసిని సుద్దముక్క డబ్బాలో పెట్టి మూత పెట్టింది. చేతులు గౌనుకి తుడుచుకుంది. గడియారం చూసింది, ఫోను చూసింది, రెండూ ఒకటే చెబుతున్నాయని ఖాయం చేసుకుంది. ఒక్క పరుగున వచ్చి నా నడుం పట్టుకుంది.

"అమ్మా, ఆకలేస్తంది. అమ్మా, ఈ ఆంటీ ఎవరు? అమ్మా, ఇవాళ అంతసేపు టెస్ట్ ఎందుకు పెట్టావు? అమ్మా, లాంచీ ఎప్పుడు? అమ్మా, నీకెందుకు ఏడుపొస్తంది?"

మూడు గంటల అమ్మలన్నీ ఒకేసారి అనేసింది. నేను దాన్ని ఎత్తుకున్నా. ఎనిమిదేళ్ళ పిల్ల, బరువుంది, అయినా దించలేదు. ఖాజా బాబాయ్, "నేను చెప్పలా?" అన్నాడు అందరి వైపూ చూసి.

టీచరమ్మ రిజిస్టరు తెరిచి రాసిందంతా కొట్టేసింది. ఇంటి దగ్గర తల్లి చదువు చెబుతోందని రాసింది. ఏడాది చివర్లో తమ బడికి తీసుకొచ్చి పరీక్ష రాయించమంది. సరేనన్నా. లేస్తూ లేస్తూ ఆగి, "పాపా, ఆ పట్టల లెక్క చక్కగా చేశావే. మేడమ్ చెప్పారా?" అని అడిగింది.

నేను కొంచెం సర్దుకుని నిలబడ్డా. పొగడ్త వస్తోంది గదా.

"లేదండీ. మేడమ్ మూడు రోజులు చెప్పారు, ఒక్క ముక్క అర్థం కాలా. నిన్న పొద్దున ముగ్గేస్తా అమ్మ చెప్పింది, వచ్చేసింది. మేడమ్ కంటే అమ్మే బాగా చెబుద్ది."

ఎడ్లపాడు పెద్దాయన నవ్వాడు. టీచరమ్మ నవ్వు ఆపుకోవాలని చూసి, కుదరక, కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడొచ్చాడు మా ఆయన, ఇంట్లో ఉన్న కాగితాల సంచి మొత్తం బండి మీద వేసుకుని, చెమటలు కక్కుతూ. ఆధార్ కార్డు ఎవరికి చూపించాలో ఆయనకి ఎవరూ చెప్పలేదు.

అదండీ సంగతి. ఎమ్మెస్సీ, బీఎడ్, ఆరేళ్ళ అనుభవం ఉన్న మేడమ్‌ని ఎనిమిదేళ్ళ పిల్ల ఒక్క మాటతో పనిలోంచి పీకేసింది. నోటీసు కూడా లేదు. మంగళవారం నుంచి ఆ పోస్టులోకి అమ్మని తీసుకున్నారు, అనుభవం ఎంత అని కూడా అడగలేదు.